నెమలి ఒకచోట, గీత ఇంకోచోట: కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో గ్యాప్‌లు ఎందుకొస్తాయి

క్లుప్తంగా: కంప్యూటర్ వర్క్‌లో ఫిల్లింగ్‌కీ దాని చుట్టూ వచ్చే అవుట్‌లైన్‌కీ మధ్య గుడ్డ కనపడితే ముందు మిషన్‌ని అనుమానిస్తారు, తర్వాత డిజైన్ అమ్మినవాళ్లని. కానీ దారం గుడ్డని లాగడం ప్రతి కుట్టులోనూ జరిగేదే. దాన్ని పంచింగ్‌లో, అంటే బొమ్మని మిషన్ కుట్టే కుట్లుగా మార్చే పనిలో, ముందే లెక్కెయ్యకపోతే గ్యాప్ వస్తుంది, లెక్కేసినా గుడ్డని పట్టి ఉంచే ఫ్రేమ్ సరిగ్గా బిగించకపోతేనో గుడ్డ కింద ఆధారంగా వేసే పేపర్ చాలకపోతేనో మళ్లీ వస్తుంది. గ్యాప్ ఏ వైపు వచ్చింది, ఎప్పుడు మొదలైంది అని చూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తేలిపోతుంది.

శ్రావణమాసం, పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడే కొద్దీ కంప్యూటర్ వర్క్ షాపుల్లో ఒకే రకం గొడవ వినపడుతుంటుంది. రా సిల్క్ బ్లౌజ్, మోచేతి దాకా చేతులు, ఒక్కో చేతి మీద ఒక నెమలి. నీలం దారంతో ఒళ్లంతా నింపాక చివర్లో జరీ దారంతో చుట్టూ సన్నగీత. మిషన్ ఆగాక చూస్తే నెమలి మెడకి ఎడమ పక్కా కుడి పక్కా నీలానికీ జరీకీ మధ్య గుడ్డ రంగు సన్నగా కనపడుతోంది, తోక చివర మాత్రం నీలం దారం గీత దాటి బయటికి వచ్చేసింది. స్క్రీన్ మీద చూస్తే ఎక్కడికక్కడ అతుక్కునే ఉంది. డిజైన్ బాలేదని ఆపరేటర్ అంటాడు, ఫ్రేమ్ సరిగ్గా ఎక్కించలేదని పంచింగ్ చేసినవాళ్లు అంటారు, బ్లౌజ్ ఇచ్చినావిడకి ఈ రెండూ అక్కర్లేదు, ఆవిడ కంటికి ఆనేది మెడ పక్కన కనపడుతున్న ఆ సందొక్కటే.

స్క్రీన్ మీద దారానికి బిగువుండదు, గుడ్డకి సాగుడుండదు. గొడవంతా మొదలయ్యేది అక్కడే.

మగ్గం వర్క్‌లో ఈ బాధ ఎందుకుండదు

మగ్గం పనిలో ట్రేసింగ్ పేపర్ మీద సూదితో చిల్లులు పెట్టి, కిరోసిన్‌లో కలిపిన పౌడర్ రుద్ది డిజైన్‌ని గుడ్డ మీదకి దింపుతారు. అంటే గీత ముందే గుడ్డ మీద ఉంటుంది, పనిచేసేవాళ్లు ఆ గీతని చూసుకుంటూ దాని దాకా నింపుకుంటూ వెళతారు. మధ్యలో గుడ్డ కాస్త జరిగిందనుకున్నా గీత కూడా గుడ్డతో పాటే జరుగుతుంది కాబట్టి చెయ్యి సర్దుకుపోతుంది.

మిషన్‌కి కళ్లు లేవు. దానికిచ్చిన ఫైల్లో ఉన్నది నెమలి కాదు, వరసగా అంకెలు: ఇంత కుడికి జరుగు, ఇంత పైకి జరుగు, సూది దించు. ఫిల్లింగ్ అయ్యేసరికి గుడ్డ ముడుచుకుని మెడ సన్నబడినా ఆ సంగతి దానికి తెలియదు, గీత కుట్టే వంతు వచ్చినప్పుడు మొదట్లో మెడ ఎక్కడుండాలో అక్కడే కుట్టేస్తుంది. పెళ్లి కార్డు ప్రింటింగ్‌లో ఎరుపు రంగు పక్కకి జరిగి దేవుడి బొమ్మకి రెండు అంచులు కనపడటం అందరూ చూసిందే, చూడ్డానికి ఇదీ అలాగే ఉంటుంది. తేడా ఏంటంటే ప్రింటింగ్‌లో కాగితం జరుగుతుందే గానీ ముడుచుకోదు, అందుకని రంగు మొత్తం ఒకే దిక్కుకి పోతుంది. గుడ్డ జరగగలదు, ముడుచుకోనూ గలదు. ఈ రెండు జబ్బులూ పైకి ఒకేలా కనపడటం వల్లే ఒకదానికి వేసే మందు ఇంకోదానికి వేస్తుంటారు.

లాగుడు ఒక వైపు, తోపుడు ఇంకో వైపు

40 మిల్లీమీటర్ల గుండ్రటి బొట్టు ఒకటి తీసుకుని దాన్ని అడ్డం కుట్లతో నింపుతున్నామనుకోండి. ప్రతి వరసలో దారం ఎడమ అంచు నుంచి కుడి అంచుకి వెళ్తుంది, బిగుసుకుంటుంది, బిగుసుకున్నప్పుడు మధ్యలో ఉన్న గుడ్డని రెండు వైపుల నుంచీ లోపలికి లాక్కుంటుంది. ఒక్క వరసకి లాగేది కంటికి కూడా ఆనదు, వంద వరసలు పడేసరికి బొట్టు వెడల్పు 40 కాదు, 39 అవుతుంది. ఇదే సమయంలో నిలువు దిక్కున ఇంకోటి జరుగుతోంది. మామూలుగా వాడే 40 నంబర్ దారానికి వరసకీ వరసకీ మధ్య 0.4 మిల్లీమీటర్లు వదులుతారు, దారం మందమూ దాదాపు అంతే కాబట్టి వరసలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకీ కిందకీ జరుగుతాయి. కాబట్టి నిలువు 40 కాస్తా 40.5 అవుతుంది. గుండ్రటి బొట్టు కోడిగుడ్డు అయిపోయింది.

ఇప్పుడు మిషన్ వచ్చి 40 మిల్లీమీటర్ల అచ్చమైన గుండ్రటి గీత కుడితే ఎడమ కుడి వైపుల చెరో అర మిల్లీమీటర్ గుడ్డ బయటపడుతుంది, పైనా కిందా ఫిల్లింగ్ గీతని తొక్కేస్తుంది. నెమలి మెడ దగ్గర సందు, తోక చివర బయటికి రావడం, రెండూ ఒకే తప్పుకి రెండు ముఖాలు. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది గానీ ఒక్క వరస రన్నింగ్ కుట్టు గీత మందమే అంత ఉండదు, దాని పక్కన అర మిల్లీమీటర్ సందు అంటే గీతంత మందం గుడ్డ కనపడుతున్నట్టు. అదే గీత 2 మిల్లీమీటర్ల సాటిన్ పట్టీ (అడ్డం కుట్లు దట్టంగా పక్కపక్కన పడే పట్టీ) అయ్యుంటే అందులో సగం లోపలి వైపు పడుతుంది, సందు దాని కింద దాక్కునేది. సన్నగీత నాజూగ్గా ఉంటుందని ఎంచుకుంటారు కానీ తప్పుల్ని క్షమించే గుణం దానికి బొత్తిగా లేదు.

గుడ్డని బట్టి ఈ లెక్క మారుతుంది. నేత గుడ్డ పోగు వెంట తక్కువ సాగుతుంది, ఐమూలగా బాగా సాగుతుంది, అందుకే మెడ వంపు చుట్టూ తిరిగే డిజైన్లో ఒక ముక్క బావుండి పక్క ముక్క చెడుతుంది. టీషర్ట్ లాంటి అల్లిక గుడ్డలు ఎటు లాగితే అటు వస్తాయి. నెట్, జార్జెట్‌లకి అసలు నిలబడే శక్తే లేదు, అన్నీ కింద పేపరే మొయ్యాలి.

దీన్ని ముందే లెక్కేసుకోవడాన్ని పుల్ కాంపెన్సేషన్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వరస రెండు చివర్లనీ కావాలనే కాస్త బయటికి జరుపుతారు, గట్టి కాటన్‌కి 0.2 మిల్లీమీటర్లు, సిల్కులకి 0.3 దగ్గర, సాగే గుడ్డకి 0.4 పైన అన్నది సాధారణంగా మొదలుపెట్టే కొలత. ఒక చిక్కుంది: ఈ సెట్టింగ్ కుట్టు నడిచే దిక్కులోనే పెంచుతుంది, తోపుడు వైపు తగ్గించే పని మామూలుగా అది చెయ్యదు, అది పంచింగ్ చేసేవాళ్లు చేత్తో ఆకారాన్ని కురచ చేసుకోవాలి. కాంపెన్సేషన్ పెంచాం అయినా తోక చివర బయటికే వస్తోందేంటి అని అడిగేవాళ్లకి జవాబు ఇదే.

రెండు రంగులు పక్కపక్కన ఆనుకునే చోటా ఇదే లెక్క. రెక్క అంచూ ఒంటి అంచూ ఒకే గీత మీద కలిసేలా గీస్తే స్క్రీన్ మీద ముచ్చటగా ఉంటుంది, గుడ్డ మీద రెండూ చెరో వైపు లాక్కుని మధ్యలో దారి వదులుతాయి. ముందు కుట్టే రంగుని రెండో రంగు కిందకి అర మిల్లీమీటర్ నుంచి 1 మిల్లీమీటర్ దాకా పోనివ్వాలి.

కనపడని కుట్టు

పై ఫిల్లింగ్ కంటే ముందు కింద పల్చగా పడే అండర్‌లే కుట్టుకి ఈ విషయంలో పెద్ద పాత్రే ఉంది. దాని పని గుడ్డనీ కింద పేపర్‌నీ ఒకటిగా పట్టి ఉంచడం, పై వరసలు లాగేటప్పుడు గుడ్డ ఒక్కటే కాకుండా రెండూ కలిసి తట్టుకుంటాయి. అంచు వెంబడి ఒక వరస, లోపల పై కుట్టుకి అడ్డంగా పల్చటి ఫిల్లింగ్ ఒకటి ఉంటే లాగుడు బాగా తగ్గుతుంది.

మరి ఎందుకు తీసేస్తారు? జాబ్ వర్క్‌లో రేటు వెయ్యి కుట్లకి ఇంత అని మాట్లాడుకుంటారు కాబట్టి. డిజైన్‌లో కుట్లు తగ్గితే మిషన్ త్వరగా ఖాళీ అవుతుంది, పార్టీకి బిల్లు తగ్గుతుంది, కనపడని కుట్టు మీద కోత పెట్టడం అందరికీ తేలిక. మిగిల్చిన నాలుగు నిమిషాలకి బదులుగా అవుట్‌లైన్ దగ్గర పరువు పోతుంది. ఇది లాభమైన బేరం కాదు.

ఫైల్ ఒక గుడ్డ కోసం పుడుతుంది

ఇప్పుడు డిజైన్లు ఎక్కువగా చేతులు మారేది డీఎస్‌టీ ఫైళ్లుగానే. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి, పెన్‌డ్రైవ్‌లో ఒక షాపు నుంచి ఇంకో షాపుకి. తజిమా కంపెనీ మిషన్ల కోసం వచ్చిన ఈ ఫార్మాట్‌ని దాదాపు అన్ని మిషన్లూ చదువుతాయి, అందుకే ఇంత చెలామణీ. కానీ అందులో సూది కదలికలు తప్ప ఏమీ ఉండవు. ఇది ఫిల్లింగ్, ఇది అవుట్‌లైన్, దీనికి ఇంత కాంపెన్సేషన్ అన్న వివరం ఉండదు, దారం రంగులు కూడా ఉండవు. పంచింగ్ అనే మాటే కాగితపు టేప్ మీద చిల్లులు పొడిచి కుట్లు రాసిన రోజుల నుంచి వచ్చింది, చూడబోతే డీఎస్‌టీ ఇప్పటికీ ఆ చిల్లుల టేపు లాంటిదే.

దీనివల్ల రెండు ఇబ్బందులు. మొదటిది, గట్టి కాటన్ మీద నప్పేలా చేసిన ఫైల్‌ని పల్చటి సిల్కు మీద వేస్తే అది పాత గుడ్డ లెక్కతోనే కుడుతుంది. అదే డిజైన్ ఫలానా షాపులో బాగా వచ్చిందిగా అంటే, వచ్చే ఉంటుంది, అక్కడ గుడ్డ వేరు. రెండోది సైజు మార్చడం. మిషన్ ప్యానెల్ మీదే డిజైన్‌ని చిన్నది చేస్తే చాలా మిషన్లలో కుట్ల సంఖ్య మారదు, అవే కుట్లు తక్కువ చోటులో ఇరుక్కుంటాయి, లాగుడు పెరుగుతుంది. పెద్దది చేస్తే వరసల మధ్య దూరం పెరిగి ఫిల్లింగ్‌లోంచే గుడ్డ కనపడుతుంది. 10 శాతం అటూ ఇటూ దాటితే అసలు ఎడిట్ ఫైల్ (మార్పులు చేసుకోగలిగే మూల ఫైల్) తెప్పించుకుని సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కుట్లు లెక్క కట్టించుకోవడమే దారి.

గ్యాప్ ఏ వైపుంది

ఫ్రేమ్ విప్పకముందే చూడాల్సింది ఇది. గ్యాప్ ఎదురెదురు వైపుల రెండు పక్కలా ఉందంటే అది లాగుడు, గుడ్డ జరగలేదు. ఫైల్లో కాంపెన్సేషనో, కింద అండర్‌లేనో, పేపరో చాల్లేదు. గ్యాప్ ఒక్క పక్కనే ఉండి ఎదురు పక్క గీత ఫిల్లింగ్ మీదకి ఎక్కిందంటే గుడ్డో ఫ్రేమో జరిగింది, పెళ్లి కార్డు రంగు లాగా. అప్పుడు డిజైన్‌ని తిట్టుకుని లాభం లేదు.

ఒక్క పక్కకి జరిగినప్పుడు కూడా ఎలా జరిగిందన్నది చూడాలి. మొదట కుట్టిన పువ్వు బావుండి తర్వాతది కాస్త, ఆ తర్వాతది ఇంకాస్త తప్పుతూ వచ్చిందంటే గుడ్డ ఫ్రేమ్‌లోంచి నెమ్మదిగా జారుతోంది. అంతా బావుండి ఒక చోట నుంచి మొత్తం ఒకే కొలతలో తప్పితే అక్కడ ఏదో జరిగుంటుంది: ఫ్రేమ్‌కి ఎవరి చెయ్యో తగలడం, కిందకి వేలాడుతున్న గుడ్డ టేబుల్ అంచుకి పట్టుకోవడం, కరెంటు పోయి వచ్చాక మిషన్ మళ్లీ మొదలైన చోటు అసలు చోటు కాకపోవడం. ఫ్రేమ్‌లో ఉన్నంతసేపూ బావుండి విప్పాక ముడతలు, సందులు కనపడితే అది ఇంకో రకం, గుడ్డని సాగదీసి బిగించారు, విప్పగానే అది తన కొలతకి తను వెళ్లిపోయింది.

పోల్చి చూడటం దీనికన్నా తేలికైన పరీక్ష. బ్లౌజ్ చేతులు జత కదా, ఒకే ఫైల్, ఒకే దారం, ఒకే గుడ్డ. ఒక చెయ్యి బావుండి రెండోది చెడితే ఫైల్ మీద కేసు దాదాపు కొట్టేసినట్టే, ఫ్రేమ్ ఎక్కించడంలోనో గుడ్డ పోగు తిరిగిపోవడంలోనో తేడా ఉంది. రెండూ ఒకేలా చెడితే ఫైల్‌ని, పేపర్‌ని చూడాలి. ఒకే డిజైన్‌ని ఒకేసారి చాలా ముక్కల మీద కుట్టే మల్టీహెడ్ మిషన్‌లోనూ ఇదే సూత్రం, ఒక్క హెడ్‌లోనే తప్పితే ఆ ఫ్రేమ్ బిగింపు, అన్ని హెడ్‌లలోనూ ఒకేలా తప్పితే డిజైనో మిషన్ కదలికో.

ఫ్రేమ్, పేపర్

డప్పులా బిగించాలి అన్న సలహా అందరికీ తెలిసిందే, సగమే నిజం. గుడ్డ గట్టిగా ఉండాలి గానీ సాగి ఉండకూడదు. ఫ్రేమ్ ఎక్కించాక అంచులు పట్టుకుని నలువైపులా లాగే అలవాటు చాలామందికి ఉంది, ఆ లాగడంలో ఐమూల దిక్కు సాగిపోతుంది. స్క్రూ ముందే దాదాపు సరిపడా బిగించుకుని, లోపలి రింగ్‌ని తోసినప్పుడే గుడ్డ గట్టిపడేలా చూసుకోవడం మేలు. నున్నటి సిల్కు ప్లాస్టిక్ రింగ్ మీద జారుతుంది, లోపలి రింగ్‌కి కాటన్ టేప్ చుడితే పట్టు దొరుకుతుంది, ఖర్చు పది ఇరవై రూపాయలకి మించదు. పట్టు గుడ్డకి పెద్ద జరీ అంచు ఉంటే ఇంకో తంటా, ఫ్రేమ్ ఒక పక్క అంచు మందాన్ని, ఇంకో పక్క పల్చటి గుడ్డని పట్టుకోవాలి, మందంగా ఉన్న వైపు బిగుసుకుని పల్చటి వైపు వదులుగా ఉండిపోతుంది. పల్చటి వైపు ఒక గుడ్డ ముక్క మడిచి పెడితే సమం అవుతుంది.

ముక్క చిన్నదై ఫ్రేమ్‌కి అందనప్పుడు పేపర్‌ని మాత్రమే బిగించి గుడ్డని పైన అంటిస్తారు. అప్పుడు లాగుడు మొత్తం ఆ జిగురు మీదే పడుతుంది. డిజైన్ మొదలుపెట్టేముందు చుట్టూ పొడవాటి కచ్చా కుట్టు చతురస్రంగా ఒకటి వేసేస్తే గుడ్డ కదలదు, తర్వాత విప్పెయ్యొచ్చు.

కింద వేసే పేపర్‌లో చింపేసేది, కత్తిరించేది, నీళ్లలో కరిగేది అని రకాలున్నాయి. చింపేసే పేపర్ చవక, శుభ్రంగా ఊడొస్తుంది, కానీ అలా ఊడొచ్చే గుణమే దాని బలహీనత కూడా. సూది పది వేల సార్లు దిగాక ఫిల్లింగ్ అంచు వెంబడి ఆ పేపర్ స్టాంపుల షీట్‌లా చిల్లులు పడి ఉంటుంది, చివర్లో అవుట్‌లైన్ వచ్చేసరికి గుడ్డని పట్టుకునే ఆధారమే మిగలదు. నిండు ఫిల్లింగ్ ఉన్న డిజైన్‌కి, సాగే గుడ్డకి కత్తిరించే రకమే నిలబడుతుంది. న్యూస్‌పేపర్ పెట్టి లాగించేవాళ్లు కూడా ఉన్నారు, అది సగం డిజైన్‌కే చిరుగుతుంది, పైగా లేత రంగు గుడ్డకి సిరా అంటుతుంది.

ఏది ముందు, ఏది తర్వాత

అన్ని ఫిల్లింగులూ అయ్యాక చివర్లో జరీ పెట్టి అవుట్‌లైన్లన్నీ ఒకేసారి వేస్తే దారం మార్చే పని తగ్గుతుంది, ఎక్కువ డిజైన్లలో అందుకే అలా పెడతారు. కానీ మొదట కుట్టిన పువ్వుకీ దాని గీతకీ మధ్య ఇరవై వేల కుట్లు పడితే ఈలోగా గుడ్డ ఎటో ఒకటు జరగకుండా ఉండదు. ఒక నెమలి నింపగానే దాని గీత వేసేసి రెండో నెమలికి వెళ్లడం భద్రం. 12 సూదుల మిషన్లకి రంగు మార్పు పెద్ద పని కాదు, ఇంట్లో వాడే ఒక్క సూది మిషన్లకే ఇది బరువు, అక్కడ కనీసం మధ్య నుంచి బయటికి కుట్టే వరస పెట్టుకుంటే ముడత మధ్యలో చిక్కుకోకుండా బయటికి వెళ్తుంది.

జరీ గురించి ఒక్క మాట. అది బిరుసుగా ఉంటుంది, చిన్న వంపుల్లో మామూలు దారంలా ఒదగదు. 90/14 సూది, వదులు పై టెన్షన్ (పై దారం బిగువు), తక్కువ స్పీడ్ దానికి కావాలి. సన్నటి 75/11 సూదితో ఫిల్లింగ్ నడిపిన వేగంతోనే జరీ గీత కూడా నడిపితే ఫైల్ ఎంత బావున్నా వంపు దగ్గర గీత లోపలికి కోసుకుపోతుంది.

మిషన్ తప్పు ఎలా తేల్చాలి

రెండు పొరల బక్రం (సాగని గట్టి గుడ్డ) తీసుకుని గట్టిగా బిగించి, ఫిల్లింగ్ ఏమీ లేకుండా ఒక పెద్ద చతురస్రం, ఒక గుండ్రం రన్నింగ్ కుట్టుతో రెండు మూడు సార్లు తిప్పి కుట్టించాలి. బక్రం లాగుడుకి లొంగదు కాబట్టి మిగిలేది మిషన్ కదలిక ఒక్కటే. ప్రతి చుట్టూ ముందు చుట్టు మీదే పడి, మొదలైన చోటే ముగిస్తే మిషన్ నిర్దోషి. కలవకపోతే ముందు ఫ్రేమ్ చేతుల స్క్రూలు, ఫ్రేమ్ క్లిప్ సరిగ్గా పడిందా లేదా అన్నవి చూసుకుని తర్వాత బెల్టు బిగువు కోసం మెకానిక్‌ని పిలవాలి. ఫ్రేమ్ బయట బరువైన లెహంగానో చీరో వేలాడుతూ ఉంటే మంచి మిషన్ కూడా తప్పుతుంది, ఆ బరువుని పక్కన టేబుల్ మీద మోయించాలి.

టెన్షన్ చూడటానికి సాటిన్ పట్టీని వెనక్కి తిప్పితే చాలు, మధ్యలో మూడో వంతు బాబిన్ దారం (కింది నుంచి వచ్చే తెల్ల దారం) కనపడాలి. అంతకన్నా వెడల్పుగా తెలుపు ఉందంటే పై దారం ఎక్కువ బిగిసింది, లాగుడు కూడా అంతే పెరుగుతుంది.

చెడిపోయాక

పట్టు మీద కుట్లు విప్పితే సూది చిల్లులు మిగులుతాయి, కాబట్టి విప్పడం ఆఖరి మాట. గ్యాప్ కనపడగానే ఫ్రేమ్ విప్పకుండా ఉంటేనే దారులు మిగులుతాయి, ఒకసారి విప్పిన గుడ్డని అదే చోట మళ్లీ ఎక్కించడం చాలా కష్టం. ఒక్క పక్కకే జరిగిన కేసైతే జరీ గీత మాత్రం విప్పి, డిజైన్‌ని గుడ్డ జరిగిన వైపే అంతే మేర జరిపి గీతని మళ్లీ వేయొచ్చు. రెండు పక్కలా ఉన్న గ్యాప్‌కి జరపడం పనిచెయ్యదు, ఎడమ సందు మూస్తే కుడి సందు రెట్టింపవుతుంది. అప్పుడు సన్నగీత మీదే 2 మిల్లీమీటర్ల సాటిన్ పట్టీ వెయ్యడమో, సందు వెంట చమ్కీ, పూస వరస చేత్తో కుట్టించడమో చేస్తారు. చేతులు జత కాబట్టి, బాగా వచ్చిన రెండో చేతి నెమలికి కూడా అదే పట్టీ వెయ్యక తప్పదు.